రెండో బిల్లు నుంచి లెక్కేయాలి: చవక హోస్టింగ్‌కి మారే ముందు

వెబ్ హోస్టింగ్ (సైటు పెట్టుకోవడానికి సర్వర్‌లో అద్దె చోటు) అమ్మే కంపెనీల మొదటి పేజీలో నెలకి వంద, నూటయాభై అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ ధర అబద్ధం కాదు. కాకపోతే అది మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కట్టేవాళ్లకి, అదీ మొదటి విడతకి మాత్రమే. గడువు తీరాక ఎంత కట్టాలన్నది కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలుగులో చిన్న న్యూస్ సైట్లు, సాహిత్య పత్రికలు, ఊళ్లో వ్యాపారాల సైట్లు నడిపేవాళ్లకి హోస్టింగ్ గురించి టెన్షన్ మొదలయ్యేది రెన్యువల్ మెయిల్ వచ్చిన రోజునే. ఇంకెవరు తక్కువకి ఇస్తున్నారని వెతుకులాట కూడా అప్పుడే మొదలవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులో అంకెలు ఊహించినవే, తీరు మాత్రం మార్కెట్లో ఉన్నదే. నెలకి 149 రూపాయల చొప్పున 48 నెలలకి ఒకేసారి కడితే 7,152. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 8,440. నాలుగేళ్లయ్యాక రెన్యువల్ ధర నెలకి 449 అనుకుంటే, ఒక్క ఏడాదికి పన్నుతో కలిపి దాదాపు 6,360. అంటే ముందు నాలుగేళ్లకి కట్టినదాంట్లో ముప్పాతిక వంతు ఐదో ఏడాది ఒక్కదానికే పోతుంది. ఇదే సైటు ఏ ఆఫరూ లేకుండా నెలకి 300 తీసుకునే చోట ఉంటే ఏడాదికి పన్నుతో 4,248, ఐదేళ్లకి 21,240. మొదటి పద్ధతిలో ఐదేళ్లకి 14,800.

ఆఫర్ ధర మోసమని కొట్టిపారేయడం తేలిక కానీ, ఈ లెక్క అలా చెప్పడం లేదు. ఐదేళ్ల మీద చూసినా ఆఫరే చవక. ఐదో ఏడాది మొదలయ్యే ముందు రోజు సామాను సర్దుకుని ఇంకోచోటికి వెళ్లగలిగినవాళ్లకైతే మరీ చవక. వెళ్లలేక ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్ల దగ్గర కంపెనీ ఆ తగ్గింపునంతా తిరిగి రాబట్టుకుంటుంది. అందుకే హోస్టింగ్ ధర గురించి ఆలోచించేటప్పుడు సర్వర్ ఖరీదు కంటే ముందు చూడాల్సింది, ఆ కస్టమర్ బయటికి వెళ్లడం ఎంత కష్టమన్నది. కష్టం ఎక్కువైనకొద్దీ రెన్యువల్ ధర పెంచే ధైర్యం కంపెనీకి వస్తుంది.

ఇంత తక్కువకి మొదట ఎలా ఇవ్వగలుగుతున్నారన్న ప్రశ్నకి జవాబు అందరికీ తెలిసిందే. షేర్డ్ హోస్టింగ్ అంటే షేర్ ఆటో. ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి, అన్నీ ఒకేసారి బిజీగా ఉండవన్న నమ్మకంతో లెక్కకి మించి ఎక్కిస్తారు. ఒక సైటు మిగతావాటి చోటు తినేయకుండా క్లౌడ్‌లినక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోదానికీ ప్రాసెసర్, మెమరీ హద్దులు పెడతారు. ఆ హద్దు దాటితే సైటు నెమ్మదిస్తుంది, లేదా సందర్శకులకి 508 నంబరు లాంటి ఎర్రర్ కనబడుతుంది.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట వెనకున్న మరో హద్దు గురించి తక్కువమందికి తెలుసు. దాన్ని ఐనోడ్ పరిమితి అంటారు. సర్వర్‌లో ఉన్న ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ ఒక ఐనోడ్. ఖాళీ స్థలం ఎంత ఉన్నా ఫైళ్ల సంఖ్య పరిమితిని తాకితే కొత్త ఫొటో ఎక్కదు, కొన్ని చోట్ల మెయిలు కూడా రాదు. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఒక పెద్ద ఫొటో ఎక్కిస్తే అది వేర్వేరు సైజుల్లో నకళ్లు చేసుకుంటుంది. అసలు ఫైలుతో కలిపి ఏడెనిమిది దాకా అవుతాయి. రోజూ జిల్లా వార్తలు పెట్టే సైటులో 20,000 ఫొటోలు పోగయ్యాయంటే ఫైళ్లు లక్షన్నర దాటినట్టే. ఇలాంటి సైటు చవక ప్లాన్‌కి మారాలనుకుంటే ముందు చూడాల్సిన అంకె జీబీలు కాదు, ఇదే. ధరల పట్టికలో దొరకదు, కంపెనీ నియమాల పేజీలో వెతకాలి.

పేరు మారినంత మాత్రాన యజమాని మారినట్టు కూడా కాదు. అమెరికాలోని ఎండ్యూరెన్స్ ఇంటర్నేషనల్ గ్రూప్ 2010లో బ్లూహోస్ట్‌ని, 2012లో హోస్ట్‌గేటర్‌ని కొనేసింది. తురఖియా సోదరుల డైరెక్టీ నుంచి మన దేశంలో బాగా వాడుకలో ఉన్న బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్‌లని 2014లో తీసుకుంది. 2021లో పెట్టుబడి సంస్థ క్లియర్‌లేక్ క్యాపిటల్ ఆ గ్రూపుని కొని, వెబ్.కామ్‌తో కలిపి న్యూఫోల్డ్ డిజిటల్ అని పేరు పెట్టింది. దీనివల్ల ఏమవుతుందో 2013 ఆగస్టు 2న తేలిపోయింది. యూటా రాష్ట్రంలోని ప్రోవో డేటా సెంటర్‌లో సమస్య వస్తే బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, హోస్ట్‌మాన్‌స్టర్, జస్ట్‌హోస్ట్ సైట్లు ఒకేసారి పడిపోయాయి. ఒక కంపెనీ మీద విసుగొచ్చి ఇంకోదానికి మారినవాళ్లు మళ్లీ అదే గడప తొక్కి ఉండొచ్చు. కొత్త కంపెనీ ఎంచుకునేముందు దాని యజమాని ఎవరో చూసుకోవడం రెండు నిమిషాల పని.

ధరలు పెరగడానికి హోస్టింగ్ కంపెనీల చేతిలో లేని కారణాలూ ఉన్నాయి. వాటిలో పెద్దది సీప్యానెల్. ఫైళ్లు, వ్యాసాలు దాచే డేటాబేస్, మెయిళ్లు చూసుకునే ఈ కంట్రోల్ ప్యానెల్‌కి 2019 వరకు సర్వర్‌కి ఇంత అని ఒకటే లైసెన్సు ఫీజు. ఎన్ని ఖాతాలున్నా అంతే. ఓక్లీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ 2018లో దాన్ని కొన్నాక, 2019లో ఖాతాల లెక్కన ఫీజు వసూలు చేసే పద్ధతి తెచ్చారు. 100 ఖాతాలు దాటితే ఒక్కో అదనపు ఖాతాకి అప్పట్లో నెలకి 20 సెంట్లు. ఒకే సర్వర్‌లో వందల ఖాతాలు కుక్కి చవకగా అమ్ముకునేవాళ్లకి ఇది గట్టి దెబ్బ. కొందరు ఆ భారం కస్టమర్ల మీద వేశారు, కొందరు డైరెక్ట్‌అడ్మిన్ లాంటి ప్యానెళ్లకి మారారు. లిథువేనియాకి చెందిన హోస్టింగర్‌కైతే హెచ్‌ప్యానెల్ అని సొంత ప్యానెలే ఉంది.

ఈ ప్యానెల్ గొడవ సైటు యజమానికి ఎందుకు? సీప్యానెల్ ఉన్న చోటి నుంచి సీప్యానెల్ ఉన్న చోటికి వెళ్లేటప్పుడు ఖాతా మొత్తాన్ని ఒకే బ్యాకప్ ఫైలుగా తీసిస్తే అవతలి కంపెనీవాళ్లు దించేయగలరు. మెయిల్ బాక్సులు, డేటాబేస్ యూజర్లు, అన్నీ వచ్చేస్తాయి. వేరే ప్యానెల్ ఉన్న చవక చోటికి వెళ్తే ఫైళ్లు వేరుగా, డేటాబేస్ వేరుగా, మెయిళ్లు వేరుగా మోసుకోవాలి. అసలు అక్కడ చవక ఎందుకో, అక్కడికి వెళ్లడం ఎందుకు కష్టమో, రెంటికీ కారణం ఒకటే. మళ్లీ అక్కణ్నుంచి బయటపడాలన్నా ఇదే తంటా.

కస్టమర్‌ని కట్టిపడేసే తాళ్లలో అన్నిటికంటే గట్టిది డొమైన్ పేరు. ‘హోస్టింగ్ కొంటే డొమైన్ ఉచితం’ అన్న ఆఫర్‌లో ఉచితమయ్యేది మామూలుగా మొదటి ఏడాదే. ఆ పేరు ఆ హోస్టింగ్ కంపెనీ దగ్గరే రిజిస్టర్ అవుతుంది. తర్వాత అక్కడ డొమైన్ రెన్యువల్ ధరకి హద్దేమీ ఉండదు. .కామ్ పేర్ల రిజిస్ట్రీ (అసలు జాబితా) నడిపే వెరిసైన్, ఒక్కో పేరుకి ఏడాదికి రిజిస్ట్రార్ల (పేర్లు అమ్మే కంపెనీల) దగ్గర తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకి చేరింది. దాని మీద ఎంత వేసుకుంటున్నారో తెలుసుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

హోస్టింగ్ మారాలంటే డొమైన్ కూడా మార్చాలేమో అని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. పేరు ఎక్కడున్నా, అది ఏ సర్వర్‌ని చూపించాలో డీఎన్ఎస్ అనే చిరునామాల పట్టికలో మార్చుకుంటే చాలు. ఆలోచిస్తే రెండూ వేర్వేరు చోట్ల ఉండడమే మేలు. హోస్టింగ్ కంపెనీతో పేచీ వచ్చినప్పుడు పేరు చేతిలో ఉంటే సైటుని ఆ రోజే ఇంకోచోట నిలబెట్టొచ్చు. పేరు కూడా మారుద్దామనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: రిజిస్టర్ చేసిన లేదా కిందటిసారి మార్చిన 60 రోజుల లోపు ఇంకో రిజిస్ట్రార్‌కి వెళ్లనివ్వరు. ఆ తర్వాత లాక్ తీసి ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం) అడిగి తీసుకోవాలి. .కామ్ పేరు మారేటప్పుడు కట్టే డబ్బు వృథా కాదు, గడువు ఏడాది పెరుగుతుంది.

మన దగ్గర ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. సైటు చేసిపెట్టిన డెవలపర్ తన మెయిల్ ఐడీతో, తన ఖాతాలో డొమైన్ కొనేస్తాడు. దురుద్దేశం ఉండకపోవచ్చు, పని తొందరగా అవుతుందని అలా చేస్తాడు. నాలుగేళ్ల తర్వాత అతను ఉద్యోగంలో చేరి హైదరాబాదో, డాలసో వెళ్లిపోతాడు. రెన్యువల్ మెయిళ్లు అతని పాత ఇన్‌బాక్స్‌లో పడుతూ ఉంటాయి. చవక హోస్టింగ్ వెతకడం కంటే ముందు, డొమైన్ ఎవరి ఖాతాలో ఉందో తేల్చుకోవాలి. అది సైటు యజమాని ఖాతాలో లేకపోతే మిగతా లెక్కలన్నీ ఆగిపోతాయి.

రెండో తాడు ఈమెయిల్. షేర్డ్ హోస్టింగ్‌తో పాటు వచ్చే మెయిల్ బాక్సులు ఉచితంగా వచ్చినట్టే ఉంటాయి. సైటు మారిన రోజున నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ పట్టిక ఉండే సర్వర్లు) కొత్త కంపెనీవి పెట్టగానే, మెయిళ్లు ఎటు పోవాలో చెప్పే పాత ఎంఎక్స్ రికార్డులు పోతాయి, మెయిళ్లు ఎక్కడికి వెళ్లాలో తెలియక తిరిగిపోతాయి. సైటు బాగానే కనబడుతుంది కాబట్టి రెండు మూడు రోజులు ఎవరూ గమనించరు. మెయిల్ పంపింది అసలువాళ్లేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డుల సంగతీ అంతే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ మెయిల్ పంపేవాళ్ల గుర్తింపు విషయంలో పట్టుబడుతున్నాయి. ఆ రికార్డులు కొత్త చోట రాయడం మర్చిపోతే ఆర్డర్ మెయిళ్లు స్పామ్‌లో తేలతాయి. మెయిల్‌ని జోహో లాంటి విడి సర్వీసులో పెట్టుకుంటే నెలనెలా కొంత ఖర్చు అవ్వొచ్చు కానీ, ఆ తర్వాత హోస్టింగ్ ఎన్నిసార్లు మారినా దాని జోలికి వెళ్లక్కర్లేదు.

డీఎన్ఎస్ మార్పుకి 48 గంటలు పడుతుందన్న మాట ఎప్పటినుంచో వినబడుతోంది. అది సగం నిజం. .కామ్ పేరు ఏ నేమ్‌సర్వర్ల కింద ఉందో చెప్పే సమాచారాన్ని ఇంటర్నెట్ కంపెనీలు 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు గుర్తుపెట్టుకోవచ్చు. నేమ్‌సర్వర్లు మారిస్తేనే ఈ నిరీక్షణ. నేమ్‌సర్వర్లు అలాగే ఉంచి, సర్వర్ చిరునామా చెప్పే ఒక్క ఏ-రికార్డుని మారిస్తే, అది ఎంతసేపట్లో పాకాలో నిర్ణయించేది దాని టీటీఎల్ విలువ, అంటే దాన్ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకె. ఒకటి రెండు రోజుల ముందే దాన్ని 300 సెకన్లకి తగ్గించి ఉంచితే, మార్పు రోజున ఐదారు నిమిషాల్లో దాదాపు అందరూ కొత్త సర్వర్‌కి వచ్చేస్తారు. డీఎన్ఎస్‌ని క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ఖాతాలోనో, రిజిస్ట్రార్ దగ్గరో విడిగా పెట్టుకోమని చెప్పేది ఇందుకే. మారే ముందు తమ కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్లో కొత్త చిరునామా రాసుకుంటే, లోకానికి పాత సైటు కనబడుతుండగానే కొత్తచోట సైటు ఎలా ఉందో పరీక్షించుకోవచ్చు.

ఇక తెలుగు సైట్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది. హోస్టింగ్ మారడం గురించి ఇంగ్లిష్‌లో రాసిన గైడ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి, ఎందుకంటే వాళ్ల సైట్లో ఇది పెద్దగా కనబడదు. డేటాబేస్ కొత్త సర్వర్‌లోకి ఎక్కించి చూస్తే ఫొటోలు, మెనూలు, డిజైన్ అంతా బాగుంటుంది, వ్యాసాల నిండా మాత్రం పైన గీతలున్న లాటిన్ ‘ఏ’లు, డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్ గుర్తులు వరుసగా పేరుకుని ఉంటాయి. కంప్యూటర్లో అక్షరాలు దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడు బైట్లు. అన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. ఆ మూడు బైట్లని ఒక అక్షరంగా కాకుండా మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా చదివితే అన్ని అక్షరాలూ దాదాపు ఒకేలా మొదలయ్యే చెత్త తయారవుతుంది.

ఇది ఎక్కువగా పాత సైట్లలో జరుగుతుంది. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల ఫైల్లో డేటాబేస్ లిపి పద్ధతి రాసుకునే వీలు 2007లో వచ్చిన 2.2 వెర్షన్‌తో మొదలైంది. అంతకుముందు పెట్టిన సైట్లలోనూ, ఆ తర్వాత నిర్లక్ష్యంగా పెట్టిన కొన్నింటిలోనూ డేటాబేస్ తన లిపి పద్ధతి ‘లాటిన్1’ (యూరప్ భాషల పాత పద్ధతి) అనుకుంటూ ఉంటుంది, లోపల ఉన్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే తప్పు జరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఏ తేడా తెలియదు. ఎగుమతి చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మంచి ఉద్దేశంతో దాన్ని యూటీఎఫ్-8కి ‘మారుస్తుంది’. అప్పటికే ఉన్న బైట్లు రెండోసారి మారిపోతాయి.

ఈ పిచ్చి గీతలు కనబడితే భయపడక్కర్లేదు, బైట్లు భద్రంగానే ఉన్నాయి. పాత సర్వర్ నుంచి డేటాబేస్‌ని లాటిన్1గానే ఎగుమతి చేసి, ఆ ఫైల్లో లిపి పద్ధతి అని రాసి ఉన్నచోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో యూటీఎఫ్-8 పేరు) అని మార్చి, కొత్త సర్వర్‌లో దించితే అక్షరాలు తిరిగి వస్తాయి. వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే కథ వేరు. అక్కడ ప్రతి అక్షరమూ చెరిగిపోయి దాని స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం చేరింది. ఆ కాపీలోంచి ఏమీ రాబట్టలేం, పాత సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. కొత్త సైట్లో పాతికో ముప్పయ్యో పాత పోస్టులు తెరిచి చదివేదాకా పాత ఖాతా రద్దు చేయకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. మొదటి పేజీ చూసి సరిపెట్టుకుంటే చాలదు. కొత్త పోస్టులు సరిగ్గా ఉండి 2009 నాటివి పాడవడం మామూలే.

ఇంకో చిన్న అడ్డంకి డేటాబేస్ దించేటప్పుడే వస్తుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌గా పాత కంపెనీ మైఎస్‌క్యూఎల్ 8 వాడుతూ, కొత్త చవక కంపెనీ పాత మరియాడీబీ వాడుతుంటే, అక్షరక్రమ నియమం (కొలేషన్) పేరు తెలియదంటూ దిగుమతి ఆగిపోతుంది. ఎగుమతి ఫైల్లో ఆ పేరు తీసి రెండు వైపులా ఉన్న యూనికోడ్ నియమం పేరు పెడితే సరి. వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ వెర్షన్ తేడా ఇంతకంటే మొండిది. పాతచోట 7.4 మీద నెట్టుకొచ్చిన థీమ్ కొత్తచోట 8 మీద తెల్ల పేజీ చూపించొచ్చు. 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి కాబట్టి దాన్ని పట్టుకు వేలాడడం కంటే థీమ్ మార్చుకోవడమే నయం.

చవకలో కలవని ఖర్చులు కొన్ని డబ్బు కట్టే దారిలో ఉన్నాయి. విదేశీ కంపెనీ ధర డాలర్లలో ఉంటే రూపాయి విలువతో పాటు అదీ కదులుతుంది. కార్డు కంపెనీలు విదేశీ లావాదేవీల మీద రెండు నుంచి మూడున్నర శాతం దాకా వేసుకుంటాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ. జీఎస్టీ నంబరున్న వ్యాపారానికి హోస్టింగ్ మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, సొంతంగా పత్రిక నడుపుకునే మనిషికి రాదు. ఆటోమేటిక్ రెన్యువల్ మీదా పూర్తిగా ఆధారపడకూడదు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమాల ప్రకారం కార్డు నుంచి పదేపదే డబ్బు కోసుకోవాలంటే ముందే అనుమతి నమోదు చేసుకోవాలి. 2022 జూన్ నుంచి 15,000 దాటే మొత్తానికి ప్రతిసారీ ఓటీపీ కూడా కావాలి. ఈ ఏర్పాటు లేని విదేశీ కంపెనీ దగ్గర ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉన్నా డబ్బు కట్ కాదు, సైటు ఆగిపోతుంది.

బ్యాకప్ విషయంలో పొదుపు చేసేవాళ్లు 2021 మార్చి 10 తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే భవనంలో ఉన్న కస్టమర్లకి ఏమీ మిగల్లేదు. చవక ప్లాన్లలో బ్యాకప్ వారానికోసారి ఉండడం, తిరిగి దించుకోవాలంటే విడిగా డబ్బు అడగడం మామూలే. కంపెనీ ఇచ్చే బ్యాకప్ ఎలా ఉన్నా, ఒక కాపీ వేరేచోట, సొంత డ్రైవ్‌లోనైనా ఉండాలి. అది ఉన్నవాళ్లకి కంపెనీ మారడం కూడా సగం పూర్తయినట్టే.

కొన్ని సైట్లకి అసలు మారాల్సింది కంపెనీ కాదు. కొత్త సంచికలు ఆగిపోయిన సాహిత్య పత్రికకి పీహెచ్‌పీ, డేటాబేస్ ఎందుకు? పేజీలన్నిటినీ స్టాటిక్ హెచ్‌టీఎంఎల్‌గా (డేటాబేస్ అక్కర్లేని సాదా పేజీలుగా) మార్చి గిట్‌హబ్ పేజెస్‌లోనో, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోనో పెడితే డొమైన్ ఖర్చు తప్ప రూపాయి అక్కర్లేదు. మొదటిదాంట్లో సైటు 1 జీబీ దాటకూడదు, రెండోదాంట్లో ఉచిత ఖాతాకి 20,000 ఫైళ్ల హద్దు. పాత తెలుగు పత్రిక ఈ రెంటిలో ఏదో ఒకదాంట్లో ఇమిడిపోవచ్చు. రోజూ నడిచే న్యూస్ సైటుకి ఈ దారి కుదరదు కానీ, క్యాష్ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ చూపించేది) సరిగ్గా పెట్టి, ఫోన్‌లో తీసిన ఐదు ఎంబీల ఫొటోలు చిన్నవి చేసి ఎక్కిస్తే పెద్ద ప్లాన్ నుంచి చిన్న ప్లాన్‌కి, అదే కంపెనీలో, దిగిపోవచ్చు. ఏ వలసా లేకుండా వచ్చే పొదుపు ఇదొక్కటే. దీన్ని కంపెనీ తనంతట తాను మాత్రం చెప్పదు.

సర్వర్ ఎక్కడుందన్నది కూడా చూడాలి, మరీ పట్టింపుగా కాదు. అమెరికా సర్వర్‌కి హైదరాబాద్ నుంచి సమాచారం ఒకసారి వెళ్లిరావడానికి పట్టే సమయం ముంబయి సర్వర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. పేజీలు సీడీఎన్ (చదువరికి దగ్గర్లోని సర్వర్లలో కాపీలు ఉంచే సర్వీసు) నుంచి వెళ్తుంటే చదువరికి ఆ తేడా అంతగా తెలియదు. కార్ట్, లాగిన్ ఉన్న షాపు సైటుకి మాత్రం దగ్గరి సర్వరే మేలు. అమెరికాలోని తెలుగు సంఘం సైటు అయితే ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడి సర్వరే నయం.

మారేటప్పుడు రెండు ఖాతాలూ కనీసం ఒక నెల పక్కపక్కన నడవాలి. అంటే పాత రెన్యువల్ తేదీకి నెలన్నర ముందే పని మొదలుపెట్టాలి, గడువు ముందు రోజు రాత్రి కాదు. డీఎన్ఎస్ మార్చే కొద్ది గంటలూ పాత సైట్లో ఆర్డర్లు, వ్యాఖ్యలు తీసుకోవడం ఆపేయాలి, లేకపోతే ఆ కాసేపట్లో వచ్చినవి పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. పాత ఖాతాలో ఆటో రెన్యువల్‌ని ముందుగానే ఆపేయాలి. హోస్టింగ్‌కి ఆపి, అదే ఖాతాలో ఉన్న డొమైన్‌కి కూడా పొరపాటున ఆపేస్తే పేరు గడువు తీరిపోతుంది. .కామ్ పేరు రిడెంప్షన్ దశకి చేరాక 30 రోజుల లోపు పెనాల్టీతో వెనక్కి తెచ్చుకోవాలి, అది కూడా దాటితే ఇంకో ఐదు రోజులయ్యాక ఎవరైనా కొనుక్కోవచ్చు. కొత్త కంపెనీలో డబ్బు వాపసు గడువు సాధారణంగా 30 రోజులు. పాత పోస్టులు చదివి చూడడం, మెయిళ్లు పరీక్షించడం, రద్దీ ఉన్న రోజున వేగం గమనించడం ఆ 30 రోజుల్లోనే అయిపోవాలి. కొత్త ఖాతా రెన్యువల్ ధర, తేదీ రాసి పెట్టుకోవాలి. ఆ తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాకే పాత ఖాతా మూసేయొచ్చు.